నిద్రలో అలసత్వం

ఆఫీసులో మధ్యాహ్నం పూట నిద్రపోయినందుకు నాకు చాలా మెమోలు వచ్చాయి. తరువాత అదే పనికి ప్రశంసాపత్రం వచ్చింది. ఈ రెంటికీ మధ్య నా నిద్రలో చెప్పుకోదగ్గ మెరుగుదల ఏమీ లేదు. మారింది ప్రభుత్వ విధానం.

మాది అంచనాల సంస్థ, కాకినాడ ప్రాంతీయ కార్యాలయం. వచ్చే ఏడు జిల్లాకు ఎన్ని గొడుగులు కావాలి, ఎన్ని కొబ్బరికాయలు దిగుతాయి, మామిడిపండ్లకు ఎన్ని బుట్టలు అల్లించాలి అన్నవి ముందే తేల్చి పైకి పంపడం మా పని. మేము పంపింది పైవాళ్ళకు చేరేసరికి ఆ ఏడు గడిచిపోయి ఉంటుంది. కనుక అంచనా ఒప్పో తప్పో చూడడం చాలా తేలిక. అయినా ఎవరూ చూడరు. మా సంస్థ ఇంతకాలం నిలబడింది ఈ మర్యాద మీదే.

నేను అందులో సూపరింటెండెంటును, సోమలింగం నా పేరు. తత్వశాస్త్రంలో ఎమ్మే చేశాను. నా భార్య సుభద్ర పోయిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు ఇంట్లో నాకు నిద్ర సరిగా పట్టదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. ఆఫీసులో అలా కాదు. ప్రింటరు రొద, ఫ్యాను కిరకిర, పక్క సెక్షన్లో కరువు భత్యం గురించి వాదన. వీటి మధ్య నా కన్ను ఇట్టే మూతపడుతుంది. మా సెక్షన్లో కొత్తగా చేరిన గుమాస్తా నూకరత్నం ఆ సమయంలో ఫైలు తెస్తే, చప్పుడు చెయ్యకుండా నా మోచేతి పక్కన పెట్టి వెళ్ళేది. లేచి చూసేసరికి ఫైలు అక్కడే మొలిచినట్టుండేది. లోకం నా మీద కక్షగట్టలేదని నాకు అప్పుడప్పుడూ తెలుస్తూండేది ఇలాంటి వాటివల్లే.

మా ప్రాంతీయ సంచాలకులు చక్రపాణి గారు ఏటా ఏదో ఒక శిక్షణకు వెళతారు, ఏదో ఒక ఉత్సాహంతో తిరిగి వస్తారు. ఒక ఏడు నవ్వుల క్లబ్బు పెట్టారు. ఆడిట్ వాళ్ళు వచ్చి లెక్కల్లో తేడాలు చదువుతున్నప్పుడు కూడా మేము నిలబడి నవ్వవలసి వచ్చింది. మరో ఏడు వాస్తు పట్టుకుంది. అప్పుడు నా బల్ల మరుగుదొడ్డికేసి తిరిగింది, ఇప్పటికీ అటే ఉంది. ఈసారి ఏదో కొండమీద రిసార్టులో జరిగిన శిక్షణ నుంచి ఆయన ఒక ముఖమల్ సంచీతో దిగారు. అందులో టారో కార్డులున్నాయి.

"చూడ్డానికి పేకముక్కల్లా ఉంటాయి గాని, పేక కాదు," అని సమావేశంలో ఒక్కొక్కటీ పైకెత్తి చూపించారు. బొమ్మల కార్డులు. చక్రవర్తి, నక్షత్రం, కూలిపోతున్న గోపురం, చందమామ, సింహం. పశ్చిమ దేశాల్లో వీటితో జోస్యం చెబుతారట. 

"పేక కాదు గనక పోలీసులతో ఇబ్బంది లేదు సార్," అన్నారు ఉప సంచాలకులు భీమశంకరం గారు. సంచాలకుల మాటకు ఒక మంచి అర్థం వెతికిపెట్టడం ఆయన బాధ్యత.

పద్ధతి ఇది. కట్టలోంచి ఒక కార్డు ఎవరూ చూడకుండా కవరులో పెట్టి అంటించాలి. ఆ కవరును మనసులో తలచుకుని నిద్రపోవాలి. లోపలున్న కార్డు కలలో కనిపిస్తుంది. గొడుగుల అంచనాకు చక్రవర్తి వస్తే పోయినేటికన్నా పెంచాలి, గోపురం వస్తే తగ్గించాలి, నక్షత్రం వస్తే అలాగే ఉంచాలి.

"మెలకువగా ఉండి వేసిన అంచనాలు ఇన్నేళ్ళుగా చూశాం. ఫలితం మీకు తెలుసు," అన్నారు చక్రపాణి గారు. 

ఈ వాదానికి తత్వశాస్త్రంలో కూడా జవాబు లేదు. అయినా చదువుకున్నవాణ్ణి గనక ఒక ప్రశ్న వేశాను. "సార్, కార్డు కవరులోనే ఉంటుంది కదండీ. కవరు తెరిచి చూస్తే సరిపోదా?"

గదిలో అందరూ నాకేసి జాలిగా చూశారు.

"సోమలింగం గారూ," అన్నారాయన శాంతంగా, "కవరు ఎవరైనా తెరవగలరు. దానికి అధికారులు ఎందుకు?"

కార్డుల పరిశీలనకు ఒక సంఘం వేశారు. నక్షత్రం కార్డులో ఒక స్త్రీ ఒంటిమీద నూలుపోగు లేకుండా వంగి, రెండు కూజాలతో నీళ్ళు పోస్తూ ఉంది. ఒక కాలు నీళ్ళలో ఉంది. ఇటువంటి దృశ్యం ఉద్యోగుల కలల్లోకి రావడం సేవా నియమాలకు విరుద్ధమని సంఘం అభిప్రాయపడింది. మెయిన్ రోడ్డులో సైన్‌బోర్డులు రాసే ఆయన్ని పిలిపించి ఆమెకు ఆకుపచ్చ చీర కట్టించారు. ఆయన చెయ్యి తిరిగిన మనిషి. కూజాలు తీసేసి స్టీలు బిందెలు వేశాడు, అడగకుండానే పక్కన ఒక కుళాయి కూడా పెట్టాడు. మృత్యువు కార్డును సిబ్బంది సంఘం తీయించేసింది, దానికీ కారుణ్య నియామకాలకూ లంకె ఉందట. మూర్ఖుడు అనే కార్డును కూడా తీసెయ్యాలని అందరికీ ఉంది. కాని ఆ ఫైలు మీద మొదటి సంతకం ఎవరు పెట్టినా సంచాలకుల వారు తన గురించే అనుకుంటారేమోనని ఎవరూ పెట్టలేదు. అది అలా మిగిలిపోయింది.

ఆ తరువాత సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, భోజన విరామానంతరము సిబ్బంది యావన్మందీ సమావేశ మందిరమునందు విధిగా నిద్రించవలెను. నిద్రించుటలో అలసత్వము వహించు వారిపై శాఖాపరమైన చర్యలు గైకొనబడును. గురక వ్యక్తిగత విషయముగా పరిగణింపబడును."

పడక ఏర్పాట్లు హోదాను బట్టి జరిగాయి. సంచాలకులకు సోఫా, ఉప సంచాలకులకు పడక కుర్చీ. సూపరింటెండెంట్లకు దిండుతో కూడిన చాప, గుమాస్తాలకు దిండు లేని చాప. అటెండర్ అబ్బులుకు చాప లేదు. ఆ స్థాయి ఉద్యోగులకు కల కనే అర్హతను నిబంధనల్లో ఎక్కడా చెప్పలేదు. కనుక కార్డును కవరులో పెట్టే పని అతనికి ఇచ్చారు.

నన్ను స్వప్న నోడల్ అధికారిగా నియమించారు. ఉత్తర్వుల్లో 'ఈ రంగంలో విశేషానుభవం' అని రాసి, రుజువుగా నా పాత మెమోలన్నీ జతచేశారు. ఎవరికి ఏ కల వచ్చిందో రాసుకోవడం, దాన్ని సంచాలకులు, ఉప సంచాలకులు, నేను కూర్చునే సంఘం ముందు పెట్టడం నా విధి.

మొదటిరోజు టైపిస్టుకు బస్సు తప్పిపోయింది. ఒక గుమాస్తా కలం లేకుండా పరీక్ష హాల్లో కూర్చున్నాడు. భీమశంకరం గారు వాళ్ళ మామగారితో కలిసి లిఫ్టులో ఇరుక్కున్నారు. నాకు ఆఫీసులో నిద్రపోతున్నట్టు కల వచ్చింది. సంచాలకులు మాత్రం సింహాసనం మీద కూర్చున్నారు.

"చుట్టూ జనం. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు," అన్నారాయన.

"చక్రవర్తి కార్డు సార్. సందేహం లేదు," అన్నారు భీమశంకరం గారు.

కవరు తెరిచాను. భుజాన మూట వేసుకుని, ఆకాశంకేసి చూస్తూ కొండ అంచుమీద నడుస్తున్న మనిషి. వెనకాల చిన్న కుక్క. మూర్ఖుడు. 

భీమశంకరం గారు కార్డును నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "కార్డు పొరబడింది సార్."

కార్డు మీద విచారణ జరిగింది. కలలతో సంబంధం ఉండకూడని స్థాయి ఉద్యోగి దాన్ని కవరులో పెట్టాడు గనక, సాంకేతికంగా అసలు కార్డు దాచినట్టే కాదని తేలింది. ఇకమీదట సంచాలకుల వారి స్వప్నానికి భిన్నంగా కార్డు ఉన్నట్లయితే దాన్ని కార్యాలయ పొరపాటుగా భావించి, సరైన కార్డుతో సరిదిద్దవచ్చునని తీర్మానం చేశాం. తీర్మానం భాష నాదే. బాగా కుదిరిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ దెబ్బతో ఫలితాలు మెరుగయ్యాయి. ఇక మిగిలింది సంచాలకుల కల ఏమిటో తెలియడం. నిద్ర లేవగానే మొదటి టీ ఆయనకు అందుతుంది. ఆ టీ ఇచ్చేది అబ్బులు. ఆయన ఆ వేడిలో తన కలను అబ్బులుకు వర్ణించి చెబుతారు. అబ్బులు అక్కణ్ణుంచి చాపల మధ్యకు వచ్చి, గ్లాసుతోబాటు కలను కూడా అందరికీ పంచేవాడు.

"ఇవాళ చందమామండి, ఆయ్. కింద రెండు కుక్కలున్నాయంట. కుక్కల్ని మర్చిపోకండి, నిన్న టైపిస్టుగారు ఒక్క కుక్కే చెప్పేరు."

నెల తిరిగేసరికి ఆఫీసంతా ఒకే కల కంటోంది. చక్రవర్తి తరచుగా వస్తుండడంతో జిల్లాలో మనిషికి నాలుగేసి గొడుగులు తేలాయి. ప్రధాన కార్యాలయం ముచ్చటపడి, ఈసారి మాత్రం ఏడు గడవకముందే గొడుగులకు ఆర్డరు పెట్టింది. సైన్‌బోర్డు ఆయన గీసిన బొమ్మలతోనే కార్డులు అచ్చువేయించి అన్ని జిల్లాలకూ పంపింది. దీనికి 'కాకినాడ నమూనా' అని పేరు పెట్టారు. నాకు ప్రశంసాపత్రం వచ్చింది అప్పుడే. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, ఎవరికి చూపించాలో తోచక, ఫ్రిజ్ మీద పెట్టాను.

ఈ ఏకాభిప్రాయానికి ఒకే ఒక్క అడ్డు వచ్చింది. అది మా నూకరత్నం.

ఆమెకు చంటిపిల్ల ఉంది. రాత్రంతా ఆ పిల్ల ఏడుపు. అందువల్ల రత్నం చాప మీద ఒరగడం, మాయమైపోవడం ఒకేసారి జరిగేవి. అబ్బులు వచ్చి టీ ఇచ్చి, కల చెప్పి, గ్లాసు తీసుకుపోయినా ఆమెకు తెలిసేది కాదు. సంఘం ముందుకు వచ్చేసరికి కూడా సగం నిద్రలోనే ఉండేది.

"ఏం కనిపించింది?" అని అడిగేవారు చక్రపాణి గారు.

"ఏమీ లేదండి."

"చీకటా?"

"చీకటి కూడా లేదండి."

"చీకటి కూడా లేకపోతే ఎలాగమ్మా?" అనేవారు భీమశంకరం గారు. "ఎంత కొత్త ఉద్యోగివైనా కనీసం చీకటైనా ఉండాలి కదా."

ఆమె ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఆ నెలాఖరుకు ఉద్యోగం ఖరారు కావాలి, లేదా పోవాలి. భర్త హార్బరులో వేట బోట్లకు ఐసు తోలే బండి నడుపుతాడు. సముద్రంలో వేట నిషేధించే నెలల్లో ఆ బండి కూడా ఆగిపోతుంది. ఆ నెలలు దగ్గరకొస్తున్నాయి, అప్పుడు ఇల్లంతా ఆమె జీతం మీదే నడవాలి. ఈ సంగతి భీమశంకరం గారికి చెప్పాను.

"నిజమే, పాపం," అన్నారాయన. "కాని ఆ అమ్మాయిని తీసేస్తే మన సగటు నూటికి నూరు. నూరు అంటే ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి."

నేను రత్నాన్ని పిలిచి మందలించాను. "అబ్బులు టీ తెచ్చినప్పుడు లేవచ్చు కదమ్మా."

"తెచ్చినట్టే తెలీదండి. పాప తెల్లారేదాకా చంకనే ఉంటాదండి. దింపితే ఏడుపు. చాప కనిపించిందంటే నాకిక లోకం తెలీదండి బాబూ."

"పోనీ, ఇవాళ సింహం. లోపలికి వెళ్ళి సింహం అని చెప్పు. అంతే."

ఆవలిస్తూ తలూపింది. లోపలికి వచ్చి నిలబడింది. చక్రపాణి గారు ఏం కనిపించిందని అడిగారు.

"సింహం అని చెప్పమన్నారండి," అంది.

నా కలం ఆగిపోయింది.

"ఎవరు చెప్పమన్నారు?"

అప్పటికి ఆమెకు మెలకువ వచ్చింది. నాకేసి చూడకుండా, "సింహం గురించి తెలిసినోళ్ళండి," అంది.

ఆ సాయంత్రం చక్రపాణి గారు చాలా బాధపడ్డారు. "కలలు లీకవుతున్నాయి సోమలింగం గారూ. మనవాళ్ళలోనే ఎవరో ఉన్నారు. ఎవరంటారు?"

"తెలియడం లేదు సార్," అన్నాను. 

ఆయన ప్రధాన కార్యాలయానికి రాశారు. వాళ్ళు ఇందుమతి గారనే పరిశీలకురాలిని పంపుతామన్నారు. కార్డును ఆమె స్వయంగా తన ఇంట్లోనే కవరులో పెట్టి అంటించి తెస్తారు. ఇక్కడ సంచాలకులతో సహా ఎవరికీ అదేమిటో తెలియదు. నూకరత్నాన్ని విడిగా ఒక గదిలో పడుకోబెట్టి పరీక్షిస్తారు. ఈసారి కూడా ఏమీ కనిపించకపోతే, 'స్వప్న సామర్థ్య లోపం' కింద ఉద్యోగంలోంచి తొలగిస్తారు. 

ఆ మాట చెప్పినప్పుడు రత్నం చేతిలో ఫైలు నా మోచేతి పక్కన పెట్టింది. తరువాత, "నిద్రపోయినందుకు తీసేసినోళ్ళున్నారు గాని, నిద్రపోయి కూడా ఉద్యోగం పోగొట్టుకునేది నేనొక్కదాన్నేనేమోనండి," అంది.

పరీక్ష రోజున రికార్డు గది ఖాళీ చేయించి చాప వేశారు. ఇందుమతి గారు కవరును బీరువా మీద నిలబెట్టి, తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. ఆమె ఒళ్ళో ఒక పెద్ద సంచీ, అందులో అలాంటివే మరికొన్ని సీలు వేసిన కవర్లు. రాత్రి రైల్లో వచ్చారేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రత్నం గోడవైపు తిరిగి, మొహం మీద కొంగు కప్పుకుని పడుకుంది. నోడల్ అధికారిగా నేను మెలకువగా ఉండి గమనించాలి. ఫ్యాను కింద కుర్చీ వేశారు. నా సంగతి తెలిసి కూడా ఫ్యాను కింద కుర్చీ వేసినవాళ్ళదే తప్పు.

సుభద్ర వచ్చింది.

పోయిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా కలలోకి రాలేదు. రాత్రిళ్ళు ఇంట్లో ఎంత తలచుకుని పడుకున్నా రాని మనిషి, ఆఫీసు పనివేళల్లో వచ్చింది. గాంధీనగరంలో మేము అద్దెకున్న వాటా, పెరట్లో కుళాయి. ఆకుపచ్చ చీర మోకాళ్ళదాకా ఎత్తి దోపుకుని వంగి కూర్చుంది. రెండు బిందెలు. ఒకటి నిండుతోంది, రెండోది కడిగి నీళ్ళు మట్టిలో పారబోస్తోంది. ఒక పాదం నీళ్ళలో ఉంది. ధార సన్నగా వస్తోందని విసుక్కుంటోంది. నాకేసి చూడలేదు. ఎక్కడికో పోయి వచ్చిన మనిషిలా లేదు, రోజూ ఉన్నట్టే ఉంది. నేనేదో అన్నాను. అంతలో బయట గంట కొట్టారు.

కళ్ళు తెరిచేసరికి బీరువా మీద కవరు, చాప మీద రత్నం. తలుపు తోసుకుని చక్రపాణి గారు, భీమశంకరం గారు వచ్చారు. ఇందుమతి గారు నిటారుగా కూర్చుని, "వ్యవధి పూర్తయినది. నివేదిక చెప్పండి," అన్నారు.

నేను చూసింది నక్షత్రం కార్డు. చీర రంగుతో సహా అదే. ఆ బొమ్మలు నెలల తరబడి రోజూ తిప్పుతున్నవాడికి కలలో వాటిలో ఒకటి సుభద్ర మొహంతో రావడంలో వింతేమీ లేదు. కవరులో అదే ఉందని నాకు తెలియదు. కాని రత్నం లేస్తే చెప్పబోయేది మాత్రం నాకు తెలుసు. చీకటి కూడా లేదని.

నిబంధనల్లో ఒకటుంది. 'నిద్రలో పలవరించిన మాటలను నోడల్ అధికారి ధ్రువీకరించినచో, అట్టివి స్వప్న నివేదికగా పరిగణింపబడును.' భీమశంకరం గారు ఒకసారి లేచాక తన కల మరిచిపోతే, ఆయన పరువు కాపాడడానికి నేనే రాసిన నిబంధన.

"అమ్మాయి పలవరించిందండి," అన్నాను.

"ఏమని?" అన్నారు ఇందుమతి గారు.

"ఒకావిడ కుళాయి దగ్గర కూర్చుందని. రెండు బిందెలని. ఒక కాలు నీళ్ళలో ఉందని." అక్కడ ఆపవలసింది. ఆపలేకపోయాను. "ధార సన్నగా ఉందని ఆవిడ విసుక్కుందని కూడా."

ఆ నాలుగు ముక్కలూ రత్నం పేరు మీద నేనే రాసి సంతకం పెట్టాను. నా దగ్గర ఉన్నదల్లా అదొక్క కల. అది అలా ఇంకొకరి పేరుమీద నమోదైపోయింది. నిజానికి పెద్ద బాధ కలగలేదు. సుభద్ర ఉంటే తనే అనేది, ముందు ఆ పిల్ల సంగతి చూడండని.

ఇందుమతి గారు కవరు చించారు. కార్డు తీసి చూశారు. మళ్ళీ చూశారు. తరువాత మాకు చూపించారు. ఆకుపచ్చ చీర, రెండు బిందెలు, కుళాయి.

"ఇది నేను మా ఇంట్లో తలుపు వేసుకుని అంటించాను," అన్నారు, గొంతు తగ్గించి. "మా వారికి కూడా తెలియదు."

చక్రపాణి గారు ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన కార్డుకేసి చూస్తూ మెల్లగా బీరువాను పట్టుకున్నారు. 

"అంటే," అన్నారు, "కవరులో ఉన్నది నిజంగానే కనిపిస్తుందా?"

ఇంతకాలం ఈ పథకం నడిపినవాళ్ళెవరికీ ఆ అనుమానం రాలేదు. భీమశంకరం గారు ఆయన చెవి దగ్గరకు వంగారు. గది చిన్నది, అందరికీ వినిపించింది. "సార్, బుట్టల టెండరు కవర్లు కూడా ఈ బీరువాలోనే ఉన్నాయి."

ఇందుమతి గారు తన సంచీని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నారు. ఆ సంచీకేసి చక్రపాణి గారు చూశారు. అందులో ఎవరి బదిలీ ఉత్తర్వు ఉందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు రత్నానికి కూడా తెలిసి ఉండవచ్చు.

ఆ సమయానికి రత్నం లేచి కూర్చుని, జుట్టు ముడేసుకుంటోంది.

"నూకరత్నం గారూ," అన్నారు చక్రపాణి గారు. ఆమెను 'గారు' అనడం అదే మొదలు. "ఇంకా ఏమైనా కనిపించిందా అమ్మా?"

ఆమె ముగ్గురు అధికారుల మొహాలూ ఒకదాని తరువాత ఒకటి చూసింది.

"చాలా కనిపించేయండి," అంది. "వరసగా చెప్పమంటారా?"

"వద్దు," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"అలిసిపోయి ఉంటారు," అని భీమశంకరం గారు తనే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. స్వప్న విధానము మన సంస్కృతికి అనుగుణముగా లేనందున తక్షణమే రద్దు చేయడమైనది. కార్యాలయ ఆవరణలో ఎవరూ నిద్రించరాదు. కార్డులన్నీ పెట్టెలో పెట్టి సీలు వేశారు. చాపలు వేలం వేశారు. గొడుగులు మాత్రం అప్పటికే బయల్దేరిపోయాయి, లారీల మీద వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు మా సమావేశ మందిరంలో కూర్చోవడానికి చోటు లేదు.

రత్నం ఉద్యోగం ఖరారైన ఉత్తర్వును భీమశంకరం గారు స్వయంగా ఆమె బల్ల దగ్గరకు తెచ్చి, నిలబడి ఇచ్చారు. మధ్యాహ్నం పూట ఇంటికి వెళ్ళి పాపకు పాలిచ్చి రావడానికి కూడా అనుమతి ఇచ్చారు. ఆమె అడగలేదు. ఆఫీసులో పొరపాటున ఆమె కన్ను మూతపడకుండా చూడడం సంస్థ భద్రతకు అవసరమని వాళ్ళకు తోచింది. ఏ కారణంతో ఇస్తేనేం, పాపకు పాలు పాలే.

ఒకరోజు ఆమె ఇంటి నుంచి తిరిగి వచ్చి, నా బల్ల పక్కన నిలబడింది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"సార్, సుభద్రగారంటే మీ ఇంటావిడేనాండి?"

నేను కళ్ళజోడు తీశాను. ఆమెకు ఆ పేరు నేనెప్పుడూ చెప్పలేదు.

"ఆ రోజు నాకు నిద్ర పట్టలేదండి," అంది. "ఖర్మకొద్దీ పాప ముందురోజు రాత్రి తెల్లారేదాకా పడుకుందండి, పుట్టేక అదే మొదటిసారి. నేనూ పడుకున్నాను. ఇంక మధ్యాహ్నం నిద్రెక్కడిదండి? గోడకేసి తిరిగి కళ్ళు మూసుకున్నాను. ఈలోగా ఆ పెద్దావిడ గురక మొదలెట్టేరు. తర్వాత మీరు. గదిలో మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నేనండి."

"ఇందుమతి గారు కూడా?"

"మీకంటే ముందేనండి."

నాకు నవ్వొచ్చింది. "మరి లేచి ఆ కవరు విప్పి చూసుకోవచ్చు కదమ్మా."

"అనుకున్నానండి. లేద్దామనుకునేసరికి మీరు పలవరించేరు. భయపడి మళ్ళీ కళ్ళు మూసుకున్నాను."

"నేనేమన్నాను?"

"'సుభద్రా, కాలు తడుస్తోంది చూసుకో' అన్నారండి. ఆ తర్వాత 'కాసేపుండు' అన్నారండి. అంతేనండి. ఈలోగా గంట కొట్టేసేరు."

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. అది మురికిగా లేదు.

"అయితే నేను పలవరింత నీదని చెబుతున్నప్పుడు అన్నీ వింటూనే ఉన్నావన్నమాట. లేచి ఉంటే నా పరువు పోయేది."

"అందుకే లేవలేదండి. పెద్దోళ్ళు అబద్ధం చెబుతుంటే మధ్యలో లేస్తే బాగోదు కదండి." ఆమె ఒక ఫైలు సర్దింది, మళ్ళీ తీసి మరోపక్క పెట్టింది. "ఇంట్లో రారాండి ఆవిడ?"

"రాదమ్మా. ఇక్కడే వచ్చింది, అదొక్కసారే."

ఒకసారి తలుపుకేసి చూసింది. "అయితే మీరు మధ్యాహ్నం పూట పడుకోండి. సర్క్యులర్ ఉంటే ఉందిలెండి. పెద్దాయన ఇటు వస్తున్నారనుకోండి, నేను దగ్గుతాను. లేచి కూర్చోండి."

అప్పట్నుంచి పడుకుంటున్నాను. నిన్న చక్రపాణి గారు మా సెక్షన్‌కు వచ్చారట. రత్నం దగ్గింది. నేను లేవలేదు. మళ్ళీ దగ్గింది. ఆయన నా బల్ల ముందే నిలబడి, శొంఠి కషాయం ఎలా కాచుకోవాలో, మిరియాలు ఎప్పుడు వేయాలో ఆమెకు వివరంగా చెప్పి వెళ్ళారట. ఆమె పక్కన ఉన్నంతసేపూ ఆయనకు నన్ను చూసే తీరిక ఉండదు, కళ్ళు ఆమె మొహం మీదే ఉంటాయి, ఏం తెలుసోనని. నేను తరువాత ఎప్పుడో లేచాను.

"ఆవిడ వచ్చేరాండి?" అని అడిగింది రత్నం.

"రాలేదమ్మా," అన్నాను.

"రేపు చూద్దాంలెండి," అని తన బల్ల దగ్గరకు వెళ్ళిపోయింది.